పర్దా మిగిలింది, ఆంగన్ పోయింది

తెలుగులో ముస్లిం ఇంటి గురించి రాసినవాళ్లకు ముందుగా కనిపించేది పర్దా. గుమ్మానికి వేలాడే గోనెపట్టా, దాని వెనక గాజుల చప్పుడు, తొంగిచూసే రెండు కళ్లు. కథ అక్కడే మొదలై అక్కడే ఆగిపోతుంది. సినిమావాళ్లయితే గోడకు ఆకుపచ్చ రంగేసి, రెండు ఆర్చీలు నిలబెట్టి, మూలన ఒక హుక్కా పెట్టి 'ఇది సాయిబుల ఇల్లు' అనిపిస్తారు. ఆ పర్దా వెనక ఎన్ని గజాల జాగా ఉంది? అందులో ఎందరు పడుకుంటారు? పొయ్యి ఎక్కడుంది, పొగ ఎటు పోతుంది? ఎండ ఏ పూట లోపలికి వస్తుంది, అసలు వస్తుందా? ఈ ప్రశ్నలు వేసినవాళ్లు చాలా తక్కువ.

ముస్లిం స్త్రీ బతుకు ఇరుకైపోవడానికి మతం ఒక్కటే కారణమని బయటి మేధావులు అంటున్నారు. మతాన్ని సరిగ్గా పాటిస్తే ఏ ఇరుకూ ఉండదని లోపలి పెద్దలు అంటున్నారు. ఇద్దరూ పర్దా దగ్గరే నిలబడి వాదించుకుంటున్నారు. ఇంట్లోకి ఎవరూ రావడం లేదు. వచ్చి చూస్తే ఒక సంగతి తెలిసేది. మా ఇండ్లలో పర్దా ఎప్పుడూ ఒంటరిగా లేదు. దానికి జోడీగా ఆంగన్ ఉండేది. వంద ఏళ్లలో ఆంగన్ పోయింది. పర్దా అట్లనే ఉంది. మా ఆడవాళ్ల ఒంట్లో, మనసులో ఇవాళ ఉన్న నొప్పికి ఈ లెక్కతో సంబంధం ఉంది.

పాత ఇంటి కట్టడం గుర్తు చేసుకుందాం. వీధివైపు ఎత్తు గోడ, ఒకటే తలుపు. తలుపు తీయగానే లోపలంతా కనిపించకుండా ఒక అడ్డుగోడ, అది లేకపోతే పర్దా. మగ మెహమాన్ల కోసం ముందు బైఠక్. అది దాటితే ఆంగన్. నాలుగు దిక్కులా కాకపోయినా రెండు దిక్కులా దాలాన్, గదులు, మధ్యలో కప్పు లేని జాగా. ఒక పక్క బావి, వజూకు బధ్నా. ఒక మూల జామచెట్టో దానిమ్మచెట్టో, గోడకు ఆనుకుని మెహందీ పొద. ఇంకో మూల పొయ్యి, కోళ్ల గూడు. వీధికి మూసుకున్న ఆ ఇల్లు ఆకాశానికి తెరుచుకుని ఉండేది. ఆడవాళ్లు బియ్యం ఏరుకున్నది, తల ఆరబెట్టుకున్నది, బాలింత తన బిడ్డకు నూనె రాసి పొద్దుటి ఎండలో పడుకోబెట్టింది, ఎండాకాలం రాత్రుళ్లు నవారు మంచాలు వేసుకుని కబుర్లు చెప్పుకున్నది అక్కడే. పర్దా వాళ్లను వీధి నుంచి తప్పించిన మాట నిజం. ఎండ నుంచి, గాలి నుంచి మాత్రం తప్పించలేదు.

ఇదేదో మాకొక్కరికే సొంతమని చెప్పడం లేదు. కోస్తాలో మండువా లోగిలి ఇదే పని చేసింది. తెలంగాణలో భవంతి ఇల్లూ అంతే. ఎండ మండే నేల మీద బతికిన మనుషులు కులం ఏదైనా, మతం ఏదైనా ఈ ఉపాయం కనిపెట్టుకున్నారు. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి ఆంగన్‌లోకి దిగుతుంది, చుట్టూ ఉన్న గదుల్లోకి పాకుతుంది. పగలు వేడెక్కిన గాలి పైకి పోతుంది. నేల మీద నాలుగు చెంబుల నీళ్లు చల్లితే ఇంకాస్త చల్లదనం. ఈజిప్టు ఆర్కిటెక్ట్ హసన్ ఫతీ జీవితమంతా ఈ సంగతే చెప్పాడు. కరెంటు లేకుండా ఇంటిని చల్లబరిచే తెలివి బీదవాళ్లకు ఎప్పుడో తెలుసునని, ఇంజనీర్లే దాన్ని మరిచిపోయారని ఆయన బాధ.

ఇంత చెప్పాక ఒక ప్రమాదం ఉంది. 'ఆహా, పాత దేవిడీలు, నవాబుల కాలం' అని కన్నీళ్లు పెట్టుకునే జబ్బు మా షరీఫ్ రచయితలకు ఉంది. ఆ జబ్బు నాకు అంటుకోలేదు. దేవిడీలో ఆంగన్ ఎవరిది? దాన్ని ఊడ్చిందెవరు? వాజిదా తబస్సుమ్ 'ఉతరన్' కథ చదివినవాళ్లకు జవాబు తెలుసు. ఒకే కప్పు కింద నవాబు కూతురు, దాయి కూతురు కలిసి పెరుగుతారు. ఒకామె విడిచిన బట్టలు ఇంకొకామె కట్టుకుంటుంది. అదే ఆకాశం, అదే ఆంగన్, కానీ ఇద్దరికీ ఒకే ఇల్లు కాదు. జీలానీ బానో 1976లో రాసిన 'ఐవాన్-ఎ-గజల్' నవలలో ఇల్లంతా కవిత్వమే. ఆ కవిత్వం కింద నలిగిపోయింది ఆ ఇంటి ఆడపిల్లలు. జనానా గోడ ఎంత అందంగా ఉన్నా, ఎవరు లోపలుండాలో ఎవరు బయట తిరగాలో నిర్ణయించింది మగవాడే.

ఈ సంగతిని అందరికంటే ముందు, అందరికంటే చురుగ్గా పట్టుకున్నది రొకేయా సఖావత్ హుస్సేన్. 1905లో మద్రాసు నుంచి వెలువడే ఇండియన్ లేడీస్ మ్యాగజైన్‌లో ఆమె 'సుల్తానాస్ డ్రీమ్' అచ్చయింది. ఆ కథలో ఆడవాళ్లు వీధుల్లో తిరుగుతారు, దేశాన్ని నడుపుతారు. మగవాళ్లు మర్దానాలో ఉండి వంట చేస్తారు, పిల్లల్ని చూసుకుంటారు. ఆమె ఇంటి ప్లానును తీసుకుని దాన్ని తిరగేసింది, అంతే. గోడలు అవే, తలుపులు అవే. లోపలివాళ్లు బయటికి, బయటివాళ్లు లోపలికి. అంత చిన్న మార్పుతో లోకం తలకిందులైంది. ఇంటి నక్షా అంటే అధికారం నక్షా అని అర్థం చేసుకోవడానికి ఆ కథ చాలు. మన విమర్శకులు దాన్ని సరదా ఊహగా చదివి పక్కన పెట్టారు.

దేవిడీ కథ అలా ఉంటే, దేవిడీ ఎన్నడూ చూడని ముస్లింల కథ వేరు. ఊళ్లలో దూదేకులవాళ్లు, ఖసాయిలు, ఫకీర్లు, చిన్న నౌకరీలు చేసుకునే సాయిబులు - వీళ్ల ఇంటికి ఆర్చీలు లేవు, హుక్కా లేదు. పక్కింటి చాకలివాళ్ల ఇల్లు ఎట్లుందో వీళ్లదీ అట్లనే ఉంది. మట్టిగోడలు, బెంగళూరు పెంకులు, వెనక చిన్న దొడ్డి. ఆ దొడ్డే వీళ్ల ఆంగన్. 1998లో 'జల్‌జలా', 1999లో 'దర్గామిట్ట కథలు', 2004లో 'వతన్' వచ్చేదాకా ఈ ఇల్లు తెలుగు సాహిత్యంలోకి రాలేదంటే తప్పులేదు. అవి వచ్చాకనే పాఠకులకు సెవియల తీపితోపాటు ఇంటి కిరాయి బాధ, కారే కప్పు, పెండ్లికాని అక్క పడుకునే మూల తెలిశాయి.

ఆంగన్ ఎట్లా పోయింది? ఒక్కరోజులో పోలేదు. హైదరాబాద్ సంస్థానం 1948లో కలిసిపోయింది, 1949లో జాగీర్లు రద్దయ్యాయి. రద్దు కావాల్సినవే. కానీ జాగీర్ల మీద బతికినవాళ్లే కాదు, జాగీర్దార్ల దగ్గర కొలువు చేసిన వేలమంది చిన్నవాళ్లు కూడా రోడ్డున పడ్డారు. ఉన్న ఇల్లు అన్నదమ్ములు పంచుకున్నారు. మొదటి తరంలో ఆంగన్ మధ్యలో ఒక గోడ లేచింది. రెండో తరంలో సగం ఆంగన్ మీద రేకులు వేశారు, కొడుకు పెండ్లయింది కనుక. మూడో తరంలో మిగిలిన సగంలో మెట్లు కట్టారు, పైన గది కిరాయికి ఇవ్వాలి కనుక. చివరికి గుమ్మం ముందు మోటారు సైకిల్ పెట్టుకునేంత జాగా మిగిలింది. ఎవరి తప్పు? ప్రతి గోడకూ ఒక అవసరం ఉంది. అన్ని అవసరాలూ కలిసి ఆకాశాన్ని మూసేశాయి.

ఇది ఆస్తి పంపకాల కథ మాత్రమే అయితే అందరి కథా ఇదే అనొచ్చు. మాకు ఇంకో కారణం ఉంది. భయం. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ కత్తిపోట్లు చూసినవాళ్లను అడగండి. 1992 తర్వాత కలిసి ఉన్న బస్తీల నుంచి సామాను సర్దుకుని 'మనోళ్ల మధ్యకు' వెళ్లినవాళ్లను అడగండి. ఉన్న ఇల్లు ఎంతకో అంతకు అమ్ముకుని, ఇరుకు గల్లీలో 50 గజాలు కొనుక్కున్నారు. 50 గజాలంటే 450 చదరపు అడుగులు. అందులో గోడల మందం పోను, మెట్లు పోను, మిగిలిందే ఇల్లు. భద్రత భయంతో ముస్లింలు ఒకేచోట గుమిగూడుతున్నారనీ, అట్లాంటి బస్తీల్లో నీళ్లు, మోరీలు, బడులు, బస్సులు సరిగ్గా అందడం లేదనీ 2006లో సచార్ కమిటీ రాసింది. మాకు తెలిసిందే ప్రభుత్వ కాగితం మీదికి ఎక్కింది. ఇంటి నక్షా గీసేది ఇంజనీరే అనుకుంటాం. మా ఇండ్ల నక్షా భయం గీసింది.

ఆ బస్తీ దాటి పోదామంటే కిరాయికి ఇల్లు దొరకదు. 1973లో ఎం.ఎస్. సత్యు తీసిన 'గర్మ్ హవా'లో సలీం మిర్జా కుటుంబం ఆగ్రాలో తన హవేలీ పోగొట్టుకుంటుంది. ముసలి అమ్మ కట్టెల కొట్టులో దాక్కుని రానంటుంది. చివరికి ప్రాణం పోయేముందు ఆమెను పల్లకీలో ఆ హవేలీకే తీసుకొస్తారు. చాలామందికి ఆ దృశ్యం గుర్తుంది. నాకు ఎక్కువ గుర్తున్నది సలీం మిర్జా కిరాయి ఇంటి కోసం తిరిగే ఘట్టం. పేరు చెప్పగానే తలుపులు మూసుకుంటాయి. తెలుగులో స్కైబాబ ఒక కథకు 'వెజిటేరియన్స్ ఓన్లీ' అని పేరు పెట్టాడు. ఆ రెండు ఇంగ్లీషు మాటలు మా ఊళ్లలో ఏ గేటుకు వేలాడతాయో, వాటి అసలు అర్థమేంటో కథ చదవకముందే మాకు తెలుసు. మంచి గాలి, వెలుతురు, ముందు కాస్త చెట్టూ చేమా ఉన్న కాలనీలు మా డబ్బుకు అందుతున్నా మా పేర్లకు అందడం లేదు.

ఇప్పుడు ఒంటి సంగతికి వద్దాం. ఎండ తగిలితేనే మన చర్మం విటమిన్ డి తయారు చేసుకుంటుంది. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ వెలుతురునిస్తుంది గానీ ఆ పనికొచ్చే కిరణాలను అద్దం ఆపేస్తుంది. బయటికి పోతే బుర్ఖా, ఇంట్లో ఉంటే ట్యూబులైటు. మరి ఆమె ఎముకలకు ఎండ ఎక్కడిది? మోకాళ్ల నొప్పులు, నడుం నొప్పులు అని మందుల దుకాణానికి చీటీ పంపే మా అమ్మీలను, ఖాలాలను చూసి డాక్టర్లు 'ఎండలో కూర్చోండి' అంటారు. ఏ ఎండలో? పాత ఇంట్లో ఆ మాటకు జవాబు ఉండేది. క్షయ మూసిన గదుల్లో ఒకరి ఊపిరి నుంచి ఇంకొకరికి తొందరగా పాకుతుందని అందరికీ తెలుసు. గాలి ఆడని గదిలో ఏడుగురు పడుకునే ఇంటికి ఆ తెలివిడి ఏం చేస్తుంది?

పైగా ఆ ఇల్లు ఇల్లు మాత్రమే కాదు, కార్ఖానా కూడా. పాతబస్తీలో అదే గదిలో కార్‌చోబ్ చట్రం పరుచుకుంటుంది. దాని చుట్టూ అమ్మాయిలు వంగి జర్దోజీ కుడతారు. చట్రం పరిస్తే నడవడానికి జాగా ఉండదు. లక్క గాజుల పనివాళ్ల ఇంట్లో బొగ్గుల కుంపటి పొద్దంతా మండుతుంది. నిజామాబాద్, జగిత్యాల వైపు పోతే ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుడతారు. తంబాకు దుమ్ము అదే గదిలో నిద్రపోయే పసిబిడ్డ ముక్కులోకి పోతుంది. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానాలో గాలి, వెలుతురు ఉండాలనీ, ఇరుకు ఉండకూడదనీ రాసింది. ఆ రాత బీడీలు చుట్టే ఆడవాళ్ల ఇంటి గడప దాటి లోపలికి రాలేదు. సేటుకు కార్ఖానా కట్టే ఖర్చు తప్పింది. ఆ ఖర్చును మా ఆడవాళ్ల ఊపిరితిత్తులు భరించాయి. దీన్ని కూడా పర్దా ఖాతాలో రాద్దామా?

సర్కారు ఇండ్ల మాటేమిటి? మంచి ఇల్లంటే ఆరోగ్యమని ఈ నగరానికి తెలియక కాదు. 1908 మూసీ వరద తర్వాత, 1912లో ఇక్కడ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పుట్టింది. ఇరుకు బస్తీలు తీసేసి గాలి ఆడే ఇండ్లు కట్టాలన్నది దాని పని. ఇక మన కాలంలో తెలంగాణ ప్రభుత్వం 2015లో డబుల్ బెడ్‌రూం ఇండ్లు మొదలుపెట్టింది. 560 చదరపు అడుగులు, రెండు పడకగదులు, హాలు, వంటగది, రెండు మరుగుదొడ్లు. అంతకుముందు ఒక్క గదిలో ఉన్నవాళ్లకు ఇది చిన్న సంగతి కాదు. ఆ ఇల్లు దొరికినవాళ్ల సంతోషాన్ని నేను కాదనను. నా ఫిర్యాదు నక్షా గురించి. ఆ నక్షా గీసేముందు అందులో ఉండబోయే ఒక్క ఆడమనిషినైనా అడిగారా?

అడిగితే ఏం చెప్పేది? మరుగుదొడ్లో ఖిబ్లా వైపు, అంటే మనకు పడమర వైపు, ముఖం గానీ వీపు గానీ పెట్టి కూర్చోకూడదని మాకొక పాటింపు ఉంది. దొడ్డిని ఉత్తర దక్షిణాలకు తిప్పితే పైసా ఖర్చు కాదు. వాస్తు కోసం ద్వారాలను, మెట్లను తిప్పే దేశంలో ఈ ఒక్క మాట ఎవరికీ తట్టలేదు. రెండోది చావు. మా ఇంట్లో ఎవరైనా పోతే మయ్యత్‌కు ఇంటి దగ్గరే గుసుల్ చేయిస్తాం. ఆంగన్‌లో నాలుగు దుప్పట్లు అడ్డం కట్టి, తఖ్తా మీద పడుకోబెట్టి, అయినవాళ్లే నీళ్లు పోస్తారు. తొమ్మిదో అంతస్తులో ఎక్కడ పోయాలి? జనాజాను ఇరుకు మెట్ల మీంచి ఎట్లా దించాలి? పుట్టిన బిడ్డకు ఎండ లేని ఇల్లు, పోయిన మనిషికి స్నానం చేయించే జాగా లేని ఇల్లు - దాన్ని ఇల్లు అని ఒప్పుకోవడానికి మాకు కష్టంగా ఉంది. ఇది మా ఒక్కరి ఇబ్బందే కాదు. శవాన్ని ఇంటి ముందు పడుకోబెట్టుకునే బహుజనులందరి ఇబ్బంది.

ఇంకో మాట. 2023లో నగర శివారు కొల్లూరులో ఒకేచోట 15,660 ఇండ్లు ప్రారంభించారు. లాడ్‌బజార్‌కు గాజులు చేసి ఇచ్చే మనిషికి అక్కడ ఇల్లు వస్తే కప్పు దొరుకుతుంది, పని పోతుంది. హసన్ ఫతీకి ఎదురైన పాఠం ఇదే. 1940లలో లక్సర్ దగ్గర గుర్నా ఊరివాళ్ల కోసం ఆయన మట్టి ఇటుకలతో, గుమ్మటాలతో, ఆంగన్లతో కొత్త ఊరు కట్టాడు. దాని మీద ఆయన రాసిన 'ఆర్కిటెక్చర్ ఫర్ ద పూర్' 1973లో ఇంగ్లీషులో వచ్చి ప్రపంచమంతా చదివింది. కానీ గుర్నావాళ్లలో ఎక్కువమంది ఆ ఊరికి కదలలేదు. వాళ్ల బతుకుతెరువు పాత ఊరి చుట్టూ ఉంది. పైగా గుమ్మటం వాళ్లకు సమాధిని గుర్తు చేసింది. ఎంత మంచి మనసున్నవాడు గీసినా, ఉండేవాళ్ల బతుకు అడగకుండా గీసిన ఇల్లు వాళ్లది కాదు. అందుకే మాకు ఆర్చీలు, గుమ్మటాలు కట్టివ్వమని అడగడం లేదు. సినిమా సెట్టులో మేము ఉండలేం.

చివరగా మా మగవాళ్లతో. భాయీ, అన్ని తప్పులూ సర్కారువి, సేట్లవి, మతోన్మాదులవి అని చేతులు దులుపుకోవద్దు. 50 గజాల ఇంట్లో కూడా వీధివైపు కిటికీ ఉన్న ముందు గదిని మీ దోస్తుల కోసం బైఠక్ చేసుకున్నది ఎవరు? నెలకు నాలుగుసార్లు వచ్చే మెహమాన్‌కు గాలి, రోజుకు పదహారు గంటలు ఇంట్లో ఉండే మనిషికి కిటికీ లేని బావర్చీఖానా. డాబా మీదికి పోతే పక్కింటివాళ్లకు కనిపిస్తుందని మెట్ల తలుపుకు తాళం వేసింది ఎవరు? ఛాతీ ఎత్తు పిట్టగోడను ఇంకో రెండడుగులు లేపితే ఆ తాళం అక్కర్లేదు. జాలీ ఇటుకలు పెడితే గాలీ వస్తుంది, మరుగూ ఉంటుంది. పర్దా కావాలని ఆమెను అడిగేముందు ఆమెకు రావాల్సిన ఆకాశాన్ని ఆమెకు ఇచ్చారా? ఆంగన్ ఇచ్చిన కాలంలోనే పర్దా బరువుగా ఉంది. ఆంగన్ తీసేసుకుని పర్దా మాత్రం ఉంచితే అది దీన్ ఎట్లా అవుతుంది?

'బుర్ఖా తీసేయండి, విముక్తి వస్తుంది' అనే మిత్రులకూ ఒక ప్రశ్న ఉంది. తీసేసి ఎక్కడ నిలబడాలి? మీ కాలనీలో మాకు గది ఇస్తారా? మీ ఇంటి పై భాగం ఖాళీగా ఉంది కదా, మా పేరు చెప్పి అడిగితే తాళంచెవి ఇస్తారా? ఇవ్వలేనప్పుడు మా పర్దా మీద రాసే కవిత్వం కాస్త తగ్గించండి.

2024లో తెలంగాణలో ఇందిరమ్మ ఇండ్ల పథకం మొదలైంది. సొంత జాగా ఉన్నవాళ్లకు ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు ఇస్తామన్నారు, కనీసం 400 చదరపు అడుగులు కట్టాలన్నారు. అంటే ఈసారి నక్షా కొంతవరకు మన చేతిలో ఉంది. మేస్త్రీ సున్నంతో నేల మీద గీతలు గీసేటప్పుడు పక్కన ఇంటాయనే కాకుండా ఇంటామె కూడా నిలబడాలి. పొయ్యి ఎక్కడుండాలో, ఎండ ఎటునుంచి రావాలో, బీడీల చేట ఎక్కడ పెట్టుకోవాలో ఆమె చెప్పాలి. నాలుగు గజాలైనా కప్పు వేయకుండా వదిలేయమని పట్టుబట్టాలి. ఆ నాలుగు గజాల మీద రేపు కొడుకు రేకులు వేయబోతే అడ్డం పడాల్సిందీ ఆమే.